వెన్ను పట్టుకునే మనిషి

మా అత్త నడుములోని ఎముకలు నాకు చూడకుండా తెలుసు. పద్నాలుగేళ్ళుగా పొద్దున్నే ఆముదం వెచ్చచేసి ఆవిడ నడుముకి రాస్తున్నాను. రెండు పక్కలా తుంటి గట్లుంటాయి. వాటి మీంచి అడ్డంగా వేళ్ళు జరుపుకుంటూ వస్తే మధ్యలో ఒక ముల్లు తగులుతుంది. దానికి పైన చిన్న పల్లం. అక్కడ బొటనవేలు ఆనిస్తే "అక్కడే, అక్కడే" అంటుంది. చెయ్యి తియ్యగానే, "అప్పుడే అయిపోనాదేటి? ఆసుపత్రిలో ఊరందరి నడుములూ పట్టుకుంతావు. ఇంట్లో ముసల్దాని నడుముకి నీకు సేతులు రావు" అంటుంది. మా అత్త పేరు అసిరమ్మ. ఆరుగుర్ని కని ఇద్దర్ని దక్కించుకుంది. పన్నెండో ఏటనుంచి నాట్లేసిన నడుము అది. దాని మీద నాకు కోపం లేదు. నాకూ ఒక నడుముందనీ, దాని మీద ఎవరి చెయ్యీ పడలేదనీ మాత్రం నూనె గిన్నె కడిగేటప్పుడు తోస్తుంది. గిన్నె బోర్లించేసరికి మరిచిపోతాను. మరిచిపోకపోతే రోజు నడవదు.

నేను పట్నం ఆసుపత్రిలో ఆయాని. మా ఊరికి రెండు మైళ్ళు. నూనె అయ్యాక నీళ్ళు, నీళ్ళయ్యాక చోడంబలి, ముగ్గురు పిల్లలు, గేదె, ఆ తరవాత నడక. సాయంత్రం ఆ రెండు మైళ్ళూ వెనక్కి నడిచి పొద్దుటి పనులన్నీ మళ్ళీ మొదటినుంచి. మా ఆయన సాలూరు లారీ మీద డ్రైవరు. రాయపూరు వెళ్తే వారానికో పదిరోజులకో వస్తాడు. చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా నవ్వుతూ ఒకే మాట అడుగుతాడు. "ఏటి సేస్తావే అక్కడ పొద్దస్తమానం?"

"మనుషుల్ని పట్టుకుంతాను."

"పట్టుకోడం కూడా పనేనేటి? మా లారీ మీద బస్తాల్ని తాడు పట్టుకుంతాది. దాన్నెవులైనా మెచ్చుకుంతారా?"

అత్త కూడా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. తాడుకి నోరుంటే ఏమంటుందో అని ఒక్కోసారి అనిపించేది. అనేదాన్ని కాదు.

కిందటేడు, అంటే అరవై ఏడులో, మా ఆసుపత్రికి సుభద్రమ్మ గారు వచ్చారు. మత్తు డాక్టరు. అంతవరకు ఆపరేషనంటే ముక్కు మీద గుడ్డ కప్పి ఈథరు చుక్కలు పొయ్యడమే. మనిషి తన్నుకునేది, నేను పట్టుకునేదాన్ని. లేచాక వాంతులు చేసుకునేది, అప్పుడూ నేనే పట్టుకునేదాన్ని. సుభద్రమ్మ గారు కొత్త పద్ధతి తెచ్చారు. నడుములో సూదివేసి, కిందిభాగం వరకే నొప్పి లేకుండా చేస్తారు. మనిషి మెలకువగానే ఉంటుంది. ఆవిడ తనతో ఒక చెక్కపెట్టె కూడా తెచ్చారు. అందులో మనిషి వెన్నెముకలున్నాయి, విడివిడిగా. మిగతా ఆయాలు ఆ పెట్టె ముట్టుకోలేదు. కాంపౌండరు సోములు ఆ పెట్టె ఉన్న గది గడప దగ్గర చెప్పులు విడిచి దండం పెట్టేవాడు. దుమ్ము తుడిచే పని నాకు పడింది.

ఒకరోజు తుడిచి బల్ల మీద వరసగా పేర్చాను. ఆవిడ వచ్చి చూశారు.

"ఈ వరస నీకెవరు చెప్పారు గున్నమ్మా?"

"ఎవులూ సెప్పనేదమ్మా. పెద్దవి కిందికుంతాయి గదా. మా అత్త నడుం రాస్తాను."

ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కింది అయిదు ఎముకలు దగ్గరికి జరిపారు. ఒక్కో ఎముకకి వెనకవైపు ఒక ముల్లుంది. ముల్లుకీ ముల్లుకీ మధ్య సందులో సూది పోవాలట. ముందు చర్మం, తరవాత ముళ్ళని ఒకదానికొకటి కట్టిపెట్టిన నార, దాని వెనక పసుపుపచ్చటి గట్టిపొర. ఆ పొర దాటితే ఖాళీ. ఎంత ఖాళీ అంటే వడ్లగింజ పట్టేంత. దానికి అవతల పల్చటి సంచీ, సంచీ నిండా నీళ్ళు, నీళ్ళలో నరాలు. మందు ఆ ఖాళీలోనే పొయ్యాలి. సంచీకి చిల్లు పడకూడదు.

"లోపల కనబడదు గదమ్మా. ఖాళీ వచ్చినాదని ఎలాగ తెలుస్తాది?"

ఆవిడ గాజు సిరంజిలో నీళ్ళు నింపి నా చేతికిచ్చారు. సూది కొనని తన జోడు మడమకి గుచ్చి, "వెనకనుంచి నొక్కు" అన్నారు. నీళ్ళు కదల్లేదు. బొటనవేలు వెనక్కి తన్నింది. "సూది నారలో ఉన్నంతసేపూ ఇలాగే ఉంటుంది. పసుపుపొర దాటగానే అడ్డు పోతుంది. నీళ్ళు వాటంతటవే లోపలికెళ్తాయి. బొటనవేలికి తెలుస్తుంది."

"గోనె కుట్టినప్పుడు దబ్బనం గుడ్డ దాటగానే సెయ్యి లోపలికి పడిపోద్ది. అలగేనా?"

"అలాగే. నా చెయ్యి మాత్రం పడిపోకూడదు. దాటిన చోటే ఆగాలి."

అయిదో తరగతితో మా అయ్య నన్ను బడి మానిపించాడు. ఆ తరవాత ఒక సంగతి మొదటినుంచి చివరిదాకా నాకు ఒకరు కూర్చుని చెప్పడం అదే మొదలు. ఆ సాయంత్రం రెండు మైళ్ళు ఎలా నడిచానో తెలీదు.

అప్పట్నుంచి సూది పడిన ప్రతి ఆడమనిషిని ముందునుంచి పట్టుకున్నది నేనే. బల్ల అంచు మీద కూర్చోబెట్టి, పాదాలు స్టూలు మీద పెట్టించి, భుజాలు నా గుండెకి ఆనించుకుంటాను. డాక్టరమ్మ వెనకనుంచి "వంగమ్మా, బాగా వంగు" అంటారు. వెన్ను విల్లులా గుండ్రంగా వంగితే ముళ్ళు ఎడమై సందు తెరుచుకుంటుంది. కొందరికి ఒక్కసారిలో దొరికేది. కొందరికి సూది ఎముకకి కొట్టుకునేది. మళ్ళీ, మళ్ళీ. డాక్టరమ్మ నుదురు చెమట పట్టేది. "భయంతో బిగుసుకుంటున్నారు" అనేవారు.

భయం కాదు. నాకు రెండో నెలలోనే తెలిసింది. ఉద్యోగస్తుల భార్యలకి సందు దొరికేది. పల్లెల నుంచి వచ్చిన మావాళ్ళకి దొరికేది కాదు. మా ఆడవాళ్ళకి వంగడమంటే నాటుకి వంగడమే. తుంటి వెనక్కి పోతుంది, నడుము బల్లలా చదునుగా ఉండిపోతుంది. అలా వంగితేనే పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా వంగి ఉండగలం. "వంగు" అన్న మాట చెవిలో పడగానే ఒళ్ళు తనంతట తాను బురదమడిలోకి దిగుతుంది. అప్పుడు ముళ్ళ సందు మూసుకుపోతుంది. నా చేతుల కింద ఉన్న ఒళ్ళు కాబట్టి నాకు తెలుస్తోంది. వెనకున్న ఆవిడకి ముళ్ళే కనబడుతున్నాయి.

చెప్పొచ్చు కదా అంటారు. ఒకసారి నోరు తెరిచాను. హెడ్డు నర్సమ్మ అప్పటికప్పుడే, "ఆయా, నీ పని చేతుల్తో, నోటితో కాదు" అంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటున్నారు, వినలేదు. ఇంట్లో పద్నాలుగేళ్ళు అలవాటైన మాటే కాబట్టి నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నోరు మూసుకున్నాను. ఆ మర్నాడే భావనపాడు నుంచి తవిటమ్మ అనే ఆవిడొచ్చింది. నాలుగుసార్లు గుచ్చి, దొరక్క, ఆఖరికి ఈథరే ఇచ్చారు. మూడురోజులు కక్కుతూ నా చెయ్యి పట్టుకుని "నాను బాగా వంగనేదా అమ్మా?" అని అడిగింది. ఆవిడ చాలా బాగా వంగింది. నాకు తెలుసు. చెప్పలేదు.

శ్రావణంలో మా ఆడబిడ్డ అమ్మడు పురిటికొచ్చింది. నేను కాపరానికొచ్చేసరికి దానికి అయిదేళ్ళు. నేను పొలానికీ, తరవాత ఆసుపత్రికీ పోతుంటే నా ముగ్గురు పిల్లలూ దాని చేతుల మీదే పెరిగారు. తొమ్మిదో ఏట నుంచి పసిపిల్లలకి నీళ్ళు పోసింది. దాని చిన్నతనాన్ని నేను వాడుకున్నాననే అనుకుంటాను. పదిహేడో ఏట పొందూరు దగ్గర చినబాబు అనే కుర్రాడికిచ్చి చేశారు. ఇప్పుడు గడప దాటితే ఆయాసపడుతోంది. పడుకుంటే ఊపిరాడదు. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ గుండె విని, "చిన్నప్పుడు కీళ్ళవాపు జ్వరం వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది. గుండెలో ఒక తలుపు ఇరుకైపోయిందన్నారు. నొప్పులు పడి, ముక్కి కంటే ఆ గుండె తట్టుకోలేదు. ఈథరూ తట్టుకోలేదు. నడుముకి సూది వేసి, నొప్పి లేకుండా చేసి, బిడ్డని పట్టకారులాంటి సామానుతో మెల్లగా లాగాలి. అదొక్కటే దారి.

నొప్పులు మొదలైన రోజు మా ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. చినబాబు ఇంకా రాలేదు కాబట్టి ఒప్పుకోలు కాగితం మీద సంతకం మా ఆయనే పెట్టాలి. ఆసుపత్రి వరండాలో, కుటుంబ నియంత్రణ వాళ్ళ ఎర్ర త్రికోణం బొమ్మ కింద, అత్త కాళ్ళు చాపుకుని గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! ఆడదాని నడుముల్లో దబ్బనం గుచ్చుతారేటి! నడుం పోనాక అదేటికి పనికొస్తాది? నాటెయ్యనేదు, కడవెత్తనేదు, నీల్లు తోడనేదు. ఏ మొగుడేలుకుంతాడు దాన్ని? జగన్నాధం, నువ్వొప్పుకోకురా కొడకా!"

నడుముతో చేసే పనులన్నీ వరసగా చెప్పింది. ఆ నడుము అమ్మడిదన్న సంగతి ఆ వరసలో రాలేదు. లోపల అమ్మడు గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని గాలికోసం చూస్తోంది. నాకు ఆ రెండూ కనబడుతున్నాయి, ఒకటి కిటికీకి ఇవతల, ఒకటి అవతల.

మా ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "ఈ సూదేసినోలు తర్వాత లెగిసి నడిసినారా? నువ్వు సూసినావా?"

"సూసినాను. మూడోనాటికల్లా నడిసినారు."

కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. కలం మూత పెట్టాక అన్నాడు: "నీ మాట మీద పెట్టినాను. నా సెల్లికేటైనా అయిందంటే, నువ్వు మరింటికి రావొద్దు."

గట్టిగా అనలేదు. టైరు మారుస్తూ ఏదో సామాను అడిగినట్టే అన్నాడు. నా పద్నాలుగేళ్ళ ఇల్లు, ముగ్గురు పిల్లలు, ఆ సంతకం కిందకి వెళ్ళిపోయాయి. నేను తలూపి లోపలికెళ్ళాను. పట్టుకోవాలి కదా.

అమ్మడిని బల్ల అంచున కూర్చోబెట్టి పట్టుకున్నాను. డాక్టరమ్మ అయోడిన్ పూశారు, చర్మం మొద్దుబారడానికి చిన్న సూది వేశారు. నొప్పి వచ్చి పోయిన మధ్యలో పని కావాలి. "వంగమ్మా."

అమ్మడు వంగింది. నా చేతుల కింద దాని వెన్ను బల్ల చెక్క అయిపోయింది. సూది ఎముకకి తగిలిన చప్పుడు వినబడదు గానీ నాకు దాని భుజాల్లో తెలిసింది. "వదినా!" అని నా చీర కొంగు కొరికింది. నొప్పి వచ్చింది, పోయింది. రెండోసారి. మళ్ళీ ఎముకే. దాని పెదవులు నీలంగా తిరుగుతున్నాయి. బయటనుంచి అత్త కేకలు. "గుచ్చీ గుచ్చీ సంపేస్తన్నారు నా గుంటని! ఆపండిరా!" మా ఆయన తలుపు మీద చేత్తో కొట్టాడు.

"ఇంకొక్కసారి చూస్తాను" అన్నారు డాక్టరమ్మ. "దొరక్కపోతే ఆపేస్తాను. ఇంతకంటే గుచ్చకూడదు." ఆపేస్తే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. ఆ గదిలో అందరికీ తెలుసు.

నేను నోరు తెరవకపోతే జరిగేది డాక్టరమ్మ చేతిలో జరిగినట్టు. తెరిచాక తప్పితే నా వల్ల జరిగినట్టు. ఇల్లు పోతుంది, ఉద్యోగం పోతుంది, పిల్లలు నా పేరు చెప్పుకోరు. తాడైతే ఏ బాధా లేదు, బస్తా జారినా తాడునెవరూ అడగరు. ఇన్నాళ్ళూ నేను దాక్కున్నది అక్కడేనని అప్పుడు తెలిసింది. వాళ్ళు నన్ను తాడన్నారని బాధపడ్డాను గానీ, తాడుగా ఉండడం నాకూ ఎంతో కొంత సుఖంగానే ఉంది. అమ్మడి గుండె నా గుండెకి ఆనుకుని పరిగెడుతోంది, పట్టుకున్న పిచికలా.

"డాక్టరమ్మా, దాన్ని వంగమనకండి."

"ఆయా!" అంది హెడ్డు నర్సమ్మ.

"వంగమంటే మా ఆడోలు నాటుకి వంగుతారమ్మా. నాటుకి వంగితే నడుం బల్లలాగుంతాది. సందు మూసుకుపోద్ది. పిల్లోడికి నీల్లు పొయ్యమనండి."

డాక్టరమ్మ ఒక్క ఊపిరిసేపు నన్ను చూశారు. తరవాత చేతిలోని సూది ట్రేలో పెట్టారు. "నువ్వే చెప్పు" అన్నారు.

నేను అమ్మడి కాళ్ళు రెండూ ఎత్తి బల్ల మీద బారుగా చాపాను. కడుపు అడ్డొస్తుందని కాస్త ఎడం చేశాను. ఒక దుప్పటి చుట్టి దాని కాళ్ళ మీద పడుకోబెట్టాను.

"అమ్మడూ, ఇదిగో మా పెద్దోడు. నెలగుడ్డు. నీ కాల్ల మీదున్నాడు, నీల్లు పొయ్యి. తల పట్టుకో, మెడ నిలబడ్డం నేదు. కంట్లోకి సున్నిపిండి పోకుండా సూడు."

అంత ఆయాసంలోనూ దాని మొహం మారింది. "ఈడా? ఈడు ఎదవ గుంటడు వదినా, నీల్లు తగిలితే సాలు, మొకం మీదికి పోసేస్తాడు" అంది. ఎడమచెయ్యి దుప్పటి తలకిందకి వెళ్ళింది. కుడిచెయ్యి చెంబు కోసం చాచింది. తల దిగింది, భుజాలు దిగాయి, వెన్ను గుమ్మడికాయలా గుండ్రంగా లేచింది. దాని వీపు మీదుగా చూస్తే ముళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా, ఎడంగా కనబడ్డాయి. డాక్టరమ్మ వేలు ఆ మధ్య పల్లంలో దిగిపోయింది.

"అబ్బ" అన్నారు ఆవిడ, తనలో తను.

"అమ్మడూ, ఇప్పుడు కదలొద్దు. నిద్దరొచ్చినాది ఆడికి, కాల్ల మీదే పడుకున్నాడు. కదిలితే లెగుస్తాడు."

"కదలను."

నేను డాక్టరమ్మ బొటనవేలిని చూస్తున్నాను. సూది కొంచెం కొంచెంగా, నువ్వుగింజంతేసి జరుగుతోంది. బొటనవేలు పిస్టను మీద నొక్కుతోంది, నీళ్ళు కదలడం లేదు. నొక్కుతోంది, కదలడం లేదు. ఉన్నట్టుండి నీళ్ళు వెళ్ళిపోయాయి. ఆవిడ చెయ్యి అక్కడే, రాయిలా ఆగింది. సిరంజి విప్పితే సూది చివర ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. నీళ్ళసంచీకి ఏమీ కాలేదు. సూదిలోంచి చీపురుపుల్ల కంటే సన్నని గొట్టం లోపలికి పంపి, సూది తీసేశారు. ముందు కొద్దిగా మందు పోసి అయిదు నిమిషాలు గడియారం చూశారు. కాళ్ళు అప్పుడే బరువెక్కితే మందు సంచీలోకి పోయినట్టట.

"కాళ్ళు బరువెక్కాయా?"

"నేదమ్మా."

"మంచిది" అని మిగతా మందు ఆగి ఆగి పోశారు. నాడి చూస్తూనే ఉన్నారు. పావుగంటకి అమ్మడి ఊపిరి నెమ్మదించింది. తన కడుపుకేసి వింతగా చూసుకుంది.

"వదినా, నొప్పేటైపోనాది?"

"ఉన్నాది. నీ దాకా రావడం నేదు."

అది నవ్వింది. ఆ నవ్వుతోనే, ముక్కకుండానే, మధ్యాహ్నం మూడు దాటాక ఆడపిల్లని కంది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచారు. "ఎన్నాళ్ళుగా తెలుసు నీకు?"

"ఏడాదవుతాదమ్మా."

"చెప్పలేదేం?"

"నన్నెవులూ అడగనేదు." అన్నాక నాకే అది పూర్తి నిజం కాదనిపించింది. "నాను కూడా సెప్పనేదు."

ఆవిడ కుళాయి కట్టేశారు. "అడక్కపోవడం నా తప్పు" అన్నారు. "సోమవారం నర్సులందరినీ పిలుస్తాను. బల్ల మీద కూర్చుని నువ్వే చూపించు. ఎలా కూర్చోబెట్టాలో, ఏ మాట అనాలో." హెడ్డు నర్సమ్మ దూది డబ్బా మూత పెట్టడంలో చాలాసేపు మునిగిపోయింది.

బిడ్డని తీసుకెళ్ళి అత్త చేతుల్లో పెట్టాను. "ఎన్నిసార్లు గుచ్చినారు?" అంది. మూడుసార్లన్నాను. "మూడోసారికెలగ దొరికినాది?" జరిగింది చెప్పాను. ఆవిడ వరండాలోనే కాళ్ళు చాపి, మనవరాలిని వాటి మీద పడుకోబెట్టుకుని, మొహం తడుముతూ ఉండిపోయింది. నాతో అన్నట్టు కాకుండా, "నాకు ఆరు పురుల్లు. ఎనకాతల గోడే గానీ, మనిషి నేదు" అంది.

ఆవిడ వెన్ను మీద చెయ్యి వేశాను. రాయలేదు, ఊరికే వేశాను. వద్దనలేదు.

పొద్దు వాలుతుండగా మా ఆయన టీ కొట్టు దగ్గర్నుంచి వచ్చాడు. మొహం తేలిగ్గా ఉంది. బిడ్డని చూశాడు, చెల్లెల్ని కిటికీలోంచి చూశాడు, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పదే, పోదాం. గుంటలు ఆకలితో ఉంతారు. గేద్ని పితకాల."

"మందు తిమ్మిరి వదిలి దాని కాల్లు ఇంకా రానేదు. వచ్చినదాకా పక్కనే ఉండాలి. కాలు మెలిపడినా దానికి తెల్దు."

"డాక్టరమ్మ నేదేటి? నర్సులు నేరేటి?"

"ఉన్నారు. నాను కూడా ఉంతాను."

"వంటెవులు సేస్తారు?"

"లారీ మీద పదేసి రోజులు నువ్వే గదా వండుకుంతావు."

అతను నవ్వబోయి ఆగాడు. అత్త తలెత్తింది. ఆవిడ తిడుతుందనుకున్నాను. "గేద్ని నాను పితుకుతానులే" అంది, మాకెవరికీ కాకుండా బిడ్డకి చెప్పినట్టు.

"మరి ఇంటికెప్పుడొస్తావు?" అన్నాడు మా ఆయన.

నాకు కోపం లేదు. గొంతు కూడా పెంచలేదు. "ఇంటికి రావొద్దని పొద్దున్న నువ్వు సెప్పినావు. వస్తానో రానో సెప్పడం ఇప్పుడు నా వంతు మావా. ఆలోసించుకుని రేపు సెప్తాను."

అతను నన్ను చూశాడు, దారిలో కొత్త మలుపు చూసిన డ్రైవరులా, వేగం తగ్గించి. ఇంతలో వార్డులోంచి అమ్మడు పిలిచింది.

"వదినా, ఎడంకాలు సీమలు పాకినట్టున్నాది. ఒకపాలి సూడవా?"

చీమలు పాకుతున్నాయంటే కాలు వస్తోందన్నమాట. నేను లోపలికి వెళ్ళాను.